ఆర్‌ఎక్స్ 100 ట్యాంకు మీద పెచ్చులూడిన నెమలి బొమ్మ: కింద కంపెనీ రంగు చెడకుండా తీయడం ఎలా?

అరసవల్లి_ఆర్‌ఎక్స్ (శ్రీకాకుళం)

అందరికీ నమస్తే. మా నాన్నగారి యమహా ఆర్‌ఎక్స్ 100, 1994 మోడల్, ఎరుపు రంగు. కొన్నది మొదలు మా ఇంట్లోనే ఉంది. కొత్తలో మా పెద్ద మావయ్య ముచ్చటపడి బండిని సాలూరు తీసుకెళ్లి, లారీలకు బొమ్మలు వేసే ఆయన చేత ట్యాంకుకు రెండు వైపులా నెమళ్లు, సైడ్ ప్యానెళ్ల మీద తామరపూలు వేయించారు. అప్పట్లో ఏడు రోడ్ల జంక్షన్‌లో బండి ఆపితే జనం తిరిగి తిరిగి చూసేవారట.

ఇప్పుడు చూడబుద్ధి కావడం లేదు. మోకాలు రాసుకునే చోట ఎడమవైపు నెమలి పొట్టంతా పెచ్చులు లేచిపోయింది. మూత దగ్గర పెట్రోలు కారిన చోట ఆకుపచ్చ రంగు నల్లబడి జిగురుజిగురుగా తయారైంది. కుడివైపు నెమలి ఊడలేదు గానీ నిండా సన్నటి పగుళ్లు, పైన పసుపు తిరిగిన పొర ఒకటి. ఎప్పుడో బండి పడ్డాక ఆ వైపు మాత్రం ఇక్కడే ఒక పెయింటర్ మళ్లీ దిద్దాడని నాన్న అంటున్నారు.

బొమ్మ తీసేసి, కింద ఉన్న కంపెనీ ఎరుపు బయటకు తేవాలని నా ఆలోచన. రీపెయింట్ వద్దు. నాన్నను అడిగితే "తీసెయ్, నాకు మొదట్నుంచీ నచ్చలేదు, మీ మావయ్య మాట కాదనలేక ఊరుకున్నాను" అన్నారు. కాబట్టి ఇంట్లో గొడవ లేదు. మావయ్యకు మాత్రం ఇంకా చెప్పలేదు.

ఫోటోలు పెట్టాను చూడండి. దేంతో తుడవాలి, ఏది అస్సలు ముట్టుకోకూడదు?

చీపురుపల్లి_బుల్లెట్

బ్రో, ఎందుకొచ్చిన తలనొప్పి. ట్యాంకు, ప్యానెళ్లు విప్పి షాపులో పడేయ్. మొత్తం గీకేసి, ప్రైమర్ కొట్టి, అదే ఎరుపు వేసి, పైన క్లియర్ (మెరుపుకూ రక్షణకూ వేసే రంగులేని పొర) కొట్టి ఇస్తారు. కొత్త బండిలా మెరుస్తుంది. నువ్వు వారాల తరబడి గోళ్లతో గీక్కుంటూ కూర్చుంటావా?

పలాస_టూస్ట్రోక్

దయచేసి ఆ పని చేయకండి. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. ఇప్పుడు రోడ్డు మీద కనిపించేవాటిలో ఎక్కువ భాగం రీపెయింట్ బళ్లే. రంగు ఎంత బాగా వేసినా ఎప్పుడైనా వేయించుకోవచ్చు, కంపెనీలో కాల్చిన రంగు మాత్రం పోతే పోయినట్టే. బళ్లు కొనేవాళ్లు కూడా ముందు సీటు ఎత్తి ట్యాంకు వెనకభాగమే చూస్తారు, అక్కడ ఒరిజినల్ రంగు తెలిసిపోతుంది కాబట్టి. గీతలు పడ్డ ఒరిజినల్ ముందు తళతళలాడే రీపెయింట్ నా దృష్టిలో దిగదుడుపే.

నాగావళి_గట్టు

సింపుల్. బ్రేక్ ఆయిల్ రాసి రాత్రంతా వదిలెయ్. పొద్దునకి నెమలి ఎగిరిపోతుంది 😄

రాజాం_కెమిస్ట్రీ

నెమలితో పాటు ట్యాంకు రంగు కూడా ఎగిరిపోతుంది గట్టు గారూ. బ్రేక్ ఆయిల్‌లో ఉండేవి గ్లైకాల్ ఈథర్లు. అవి ఏ పొరను తినాలో ఎంచుకోవు, దొరికినంత మేరా మెత్తబరుస్తూ పోతాయి. అందుకే బ్రేక్ ఆయిల్ చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగమంటారు.

హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే పెయింట్ రిమూవర్ కూడా ఇక్కడ పనికిరాదు. అది రాస్తే పది నిమిషాల్లో ఇనుము దాకా అన్నీ పొంగి వచ్చేస్తాయి. పూర్తిగా గీకి కొత్తగా వేయించుకునేవాళ్లకు అది మందు. మీకు కావలసింది పై పొర ఒక్కటే కదిలించేది.

లప్పం_మాస్టారు (విజయనగరం)

బాబూ అరసవల్లీ, ముందు ఏ సీసా మూతా తియ్యకు. ఫోటోలు పెద్దవి చేసి చూశాను. నువ్వు రెండు నెమళ్లనీ ఒకటే అనుకుంటున్నావు. నాకు అవి రెండు వేరు వేరు జబ్బుల్లా కనిపిస్తున్నాయి.

ఎడమవైపు పెచ్చు లేచిన అంచు చూడు. పెచ్చు కింద ఎరుపు నున్నగా, మెరుస్తూ ఉంది. అంటే బొమ్మ వేసిన ఆయన కంపెనీ రంగును పేపర్‌తో రుద్దకుండా, గుడ్డతో తుడిచి నేరుగా వేసేశాడు. నున్నటి రంగు మీద ఇంకో రంగుకు పట్టు ఉండదు. అందుకే ఊడుతోంది. బొమ్మకు అది చెడ్డ పనే గానీ, ఇవాళ నీకు అదే అదృష్టం. కింద రంగుకు గీత కూడా పడలేదన్నమాట.

కుడివైపు ఊడటం లేదంటే, రెండోసారి దిద్దినాయన ముందు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టి ఉంటాడు. అదే నిజమైతే ఆ వైపు ఎరుపు మీద పేపరు గీతలు ఉంటాయి. పసుపు తిరిగిన పొర బహుశా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) ల్యాకర్, మెరుపు కోసం కొట్టినది.

ఇవి నా ఊహలు. నువ్వు మూడు పనులు చేసి ఏమైందో చెప్పు.

సీటు తీసి, ట్యాంకు వెనక సీటు కింద దాక్కునే చోట తెల్లటి పాత బనియన్ గుడ్డతో కొంచెం కంపౌండ్ (రంగును రుద్ది మెరిపించే పాలిష్ పేస్టు) పెట్టి రుద్దు. గుడ్డకు ఎరుపు అంటితే పైన క్లియర్ కోట్ లేదు, రంగే పై పొర. గుడ్డ మురికిగా మాత్రమే అయితే క్లియర్ ఉంది.

మంచి మాస్కింగ్ టేపు ముక్క రెండు వైపులా బొమ్మ మీద గట్టిగా అంటించి ఒక్క లాగు లాగు. ఏ వైపు ఎంత వచ్చిందో చూడు.

మూడోది, అదే సీటు కింద చోట దూదికి ఎన్‌సీ థిన్నర్ ముంచి పది లెక్కపెట్టేంతసేపు ఆనించి తీసెయ్. రంగు మెత్తబడిందా, మెరుపు తగ్గిందా, ఏమీ కాలేదా చెప్పు.

సాలూరు_లారీ

మా ఊరి పేరు వినబడింది కాబట్టి నేనూ ఒక మాట. మా ఇంట్లో మూడు తరాలుగా లారీలే. (జిల్లా మారి ఇప్పుడు మన్యంలో ఉన్నాం గానీ విజయనగరం వాళ్లతో కబుర్లు మానలేదు.)

ఆ రోజుల్లో లారీ బాడీలకు బొమ్మలన్నీ సింథటిక్ ఎనామెల్‌తోనే. డబ్బా రంగును టర్పెంటైన్‌తో పల్చన చేసి కుంచెతో వేసేవారు. నెమలి తోకలో కళ్లకు ముందు పసుపు, అది ఆరాక దాని మీద ఆకుపచ్చ, మధ్యలో నీలం చుక్క, చివర నల్ల గీతతో అంచు. తోకలో ఒక్కో కన్ను దగ్గర మూడు నాలుగు పొరలుంటాయి. అందుకే తోక దగ్గర రంగు మందం, మెడ దగ్గర పల్చన. మెడ తేలిగ్గా వస్తుంది, తోక సతాయిస్తుంది, చూడండి.

చెక్క బాడీకైతే లప్పం, ప్రైమర్ అన్నీ పట్టేవారు. ఎవరైనా ముచ్చటగా మోటార్ సైకిల్ తెస్తే అంత తతంగం లేదు. పెట్రోలు గుడ్డతో జిడ్డు తుడిచి మొదలెట్టేవారు. మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు.

ఒక చిన్న బాధ. మంచి చేయి తిరిగినాయన వేసిన బొమ్మలా ఉంది. తీసే ముందు రెండు వైపులా బాగా వెలుతురులో ఫోటోలు తీసి దాచండి. ఇప్పుడన్నీ రేడియం స్టిక్కర్లే, కుంచె పట్టేవాళ్లు మా దగ్గరే తగ్గిపోయారు.

కొత్తవలస_కుర్రాడు

మధ్యలో దూరుతున్నందుకు సారీ అన్నా. నా పల్సర్ మీద రేడియం స్టిక్కర్ తీస్తే జిగురు ఉండిపోయింది. దానికీ ఇదే పద్ధతా?

లప్పం_మాస్టారు

నీది వేరే కథ తమ్ముడూ. స్టిక్కర్ జిగురుకు నీలగిరి తైలం రాసి ఐదు నిమిషాలాగి గుడ్డతో తుడువు, తర్వాత షాంపూ నీళ్లతో కడుగు. థిన్నర్ జోలికి పోకు, నీ బండికి సగం ప్లాస్టిక్కే.

అరసవల్లి_ఆర్‌ఎక్స్

మాస్టారూ, చెప్పినవన్నీ చేశాను.

కంపౌండ్ పెట్టి రుద్దితే బనియన్ గుడ్డ ఎర్రగా అయింది. అంటే క్లియర్ లేదన్నమాట.

టేపు: ఎడమవైపు అరచేయంత పెచ్చు టేపుతోనే వచ్చేసింది. కింద రంగు చూస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు, చుట్టూ ఉన్న దానికన్నా ముదురు ఎరుపు, అద్దంలా ఉంది. కుడివైపు టేపుకు ఏమీ రాలేదు.

థిన్నర్: సీటు కింద ఏమీ కాలేదు. దూదికి లేత ఎరుపు అంటిందేమో గానీ మెరుపు తగ్గలేదు. కుడివైపు నెమలి అంచున కూడా చిన్న చుక్క ఆనించాను. ఆ పసుపు పొర వెంటనే జిగురుగా మారి దూదికి అంటుకుంది.

ఇంకో సంగతి. ఎడమవైపు పెచ్చు వచ్చిన చోట తోక కింద కంపెనీ చారల స్టిక్కర్ అంచు కనబడింది. దాని మీద నుంచే బొమ్మ వేసేశారు.

రాజాం_కెమిస్ట్రీ

మంచి ఫలితాలు. మూడు పొరలూ తమ పేర్లు తామే చెప్పేశాయి.

ఎన్‌సీ ల్యాకర్ ఆరడమంటే అందులోని థిన్నర్ ఆవిరై పోవడమే, అంతకు మించి రసాయన మార్పు జరగదు. అందుకే ముప్ఫై ఏళ్ల తర్వాతైనా అదే థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. మీ పసుపు పొర అదే.

ఎనామెల్ అలా కాదు. అది గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, లోపల గొలుసులు అల్లుకుంటూ గట్టిపడుతుంది. వేసిన రోజుల్లో టర్పెంటైన్‌తో పోయేది, ఇన్నేళ్ల తర్వాత టర్పెంటైన్‌కు లొంగదు. థిన్నర్ తగిలితే కరగదు గానీ ఉబ్బుతుంది, ముడతలు పడుతుంది. మనకు కావలసింది ఆ ఉబ్బడమే, ఎందుకంటే ఉబ్బిన పొర కింది పట్టు వదులుతుంది.

ఇక కంపెనీ రంగు. దాన్ని ఓవెన్‌లో వంద డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. గొలుసులు అన్నిటికన్నా బిగువుగా అల్లుకుని ఉంటాయి, అందుకే సీటు కింద పది సెకన్లకు ఏమీ కాలేదు. అయితే పది సెకన్లకు ఏమీ కాలేదని పది నిమిషాలు పెట్టకండి. ఎక్కువసేపు తడిస్తే అదీ మెత్తబడుతుంది. ఎనామెల్ ఉబ్బడానికీ కంపెనీ రంగు మెత్తబడటానికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే పని కానిచ్చుకోవాలి.

లప్పం_మాస్టారు

లెక్చరర్ గారు చెప్పేశారు కాబట్టి నేను చేతిపని చెబుతాను.

ట్యాంకు విప్పు. పెట్రోలు మొత్తం తీసి, మూత తెరిచి ఆరుబయట గాలికి వదిలెయ్. ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది, నిండు ట్యాంకు కన్నా అదే ప్రమాదం. హీట్ గన్ మాట ఎత్తకు. హెయిర్ డ్రయ్యర్ కూడా అవసరం లేదు, మన ఊళ్లో ఎండకేం కరువు? వాసన పోయాక మూత బిగించి ఓ అరగంట ఎండలో పెట్టు. చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడెక్కాక నీడకు తెచ్చుకో. రంగు కొంచెం మెత్తబడి పెచ్చులు సాగుతూ వస్తాయి, చల్లగా ఉంటే పొడిపొడిగా రాలుతాయి.

ఎడమవైపుకు థిన్నర్ వద్దు. టేపు, బొటనవేలి గోరు, పనికిరాని ఏటీఎం కార్డు. కార్డు అంచును బాగా వాలుగా పట్టి, పెచ్చు కిందకు దూర్చి నెమ్మదిగా తొయ్యి. బ్లేడు, స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోకు. సబ్బు నీళ్లు చల్లుకుంటూ చెయ్యి, ఇసుక రేణువు ఉన్నా జారిపోతుంది.

స్టిక్కర్ ఉన్న చోట మరీ జాగ్రత్త. థిన్నర్ తగిలితే స్టిక్కర్ మీద అచ్చు కరిగిపోతుంది, వేడెక్కితే స్టిక్కరే లేచి వస్తుంది. ఆ భాగం చల్లగా ఉన్నప్పుడు గోటితోనే. రాని చోట వదిలెయ్.

కుడివైపు ముందు ల్యాకర్ పొర. థిన్నర్ ముంచి పిండిన గుడ్డతో ఒకే వైపు తుడుపు, గుడ్డ మడత మార్చు, మళ్లీ తుడుపు. గుండ్రంగా రుద్దితే కరిగిన ల్యాకర్ నీ ట్యాంకంతా పులుముకుంటుంది. ల్యాకర్ పోయాక అసలు నెమలి బయటపడుతుంది. దాని మీద థిన్నర్ గుడ్డ చిన్న ముక్క ఒకటి రెండు నిమిషాలు పరిచి, ముడత లేవగానే కార్డుతో నెట్టి, వెంటనే తడిగుడ్డతో తుడిచెయ్. బొమ్మలో అగ్గిపెట్టెంత చోటు చొప్పున చెయ్యి. ఒకేసారి అంతా తీసేద్దామని ఆశపడకు.

ఈ పనులు తలుపులు మూసిన గదిలో వద్దు. చేతికి నైట్రైల్ గ్లౌజు వేసుకో, పల్చటి లేటెక్స్‌వి థిన్నర్‌కు ఆగవు. బీడీ కాల్చేవాళ్లను దగ్గరకు రానివ్వకు.

సైడ్ ప్యానెళ్లు ప్లాస్టిక్ అయితే వాటికి థిన్నర్ చుక్క కూడా తగలకూడదు. ప్లాస్టిక్ కరిగి గుంట పడుతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి కార్డుతో చూడు. మిగిలిపోతే కరోనా నాటి శానిటైజర్, జెల్ కాదు, నీళ్లలాంటిది, గుడ్డకు పోసి రుద్దు.

చీపురుపల్లి_బుల్లెట్

మాస్టారూ, ఇంత వివరంగా చెబుతుంటే నాకూ ఆశ పుడుతోంది. నా బుల్లెట్ ట్యాంకు మీద ఎయిర్ బ్రష్‌తో మంటల డిజైన్ వేయించాను. ఒక చోట రాయి తగిలి లేచింది. చెయ్యి పెట్టి చూస్తే అంచు తగలదు, నున్నగా ఉంటుంది. అదీ ఇలాగే తీయొచ్చా?

లప్పం_మాస్టారు

అంచు తగలకపోతే దాని మీద టూ-కె క్లియర్ కొట్టేశారని అర్థం. నీ బొమ్మ రెండు పొరల మధ్య ఉంది. పైన క్లియర్ హార్డనర్ కలిపినది, థిన్నర్‌కు లొంగదు. దాన్ని పేపర్‌తో దించుకుంటూ పోతే బొమ్మ పోయేసరికి కంపెనీ క్లియర్ కూడా సగం పోతుంది. పైగా ఆ పని చేసేవాళ్లు పట్టు కోసం ముందే కంపెనీ క్లియర్‌ను పేపర్‌తో మొత్తం మసకబరుస్తారు. కాబట్టి మొదట నువ్వు ఇతనికిచ్చిన సలహాయే నీకు సరిపోతుంది. రీపెయింట్.

బుల్లెట్ కాబట్టి ఇంకో మాట. ట్యాంకు మీద బంగారు గీతలు ఫ్యాక్టరీలో మనిషి చేత్తో గీసినవి. షాపులో వేసే గీతకూ దానికీ తేడా తెలిసిపోతుంది. ట్యాంకు ఇచ్చే ముందు ఆ గీతలు ఎవరు గీస్తారో అడిగి, వాళ్లు గీసిన ఇంకో ట్యాంకు చూసి ఇవ్వు.

చీపురుపల్లి_బుల్లెట్

నా సలహా నాకే తగిలింది 🙏

పలాస_టూస్ట్రోక్

రీపెయింట్ అన్నారు కాబట్టి బుల్లెట్ గారికి ఒక మాట. ఆర్‌సీలో బండి రంగు రాసి ఉంటుంది. అదే రంగు మళ్లీ వేయిస్తే ఇబ్బంది లేదు. మొత్తం రంగే మార్చేస్తే ఆర్‌టీఓ ఆఫీసులో ఎక్కించుకోవాలి, లేకపోతే అమ్మేటప్పుడో ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనో లేనిపోని టెన్షన్.

అరసవల్లి_ఆర్‌ఎక్స్

ఆలస్యమైంది, ఏమనుకోకండి. మధ్యలో వానలు పట్టాయి, ఎండ కోసం ఆగాను.

ఎడమవైపు పని అయిపోయింది. సాలూరు అన్న చెప్పినట్టే మెడ, కాళ్లు టేపుతోనే వచ్చేశాయి. తోక కళ్లు సతాయించాయి. పై ఆకుపచ్చ పొర ఊడి, కింద పసుపు చుక్కలు గుండ్రంగా అలాగే ఉండిపోయేవి. వాటిని ఒక్కొక్కటి గోటితో తీశాను. కంపెనీ చారల స్టిక్కర్ ముప్పాతిక భాగం దక్కింది. చివర కొంచెం బొమ్మతో పాటే లేచిపోయింది.

కుడివైపు ల్యాకర్ పోయింది, నెమలి కూడా దాదాపు పోయింది. మాస్టారు ఊహించినట్టే కింద పేపరు గీతలు. అడ్డదిడ్డంగా, మసకగా ఉంది. ఎరుపు పోలేదు గానీ మెరుపు లేదు.

ఇప్పుడు కొత్త సమస్య. ఎడమవైపు నెమలి లేదు, నెమలి నీడ ఉంది! బొమ్మ ఉన్న చోట ముదురు ఎరుపు, చుట్టూ వెలిసిన ఎరుపు. దూరం నుంచి చూస్తే తోకతో సహా నెమలి స్పష్టంగా కనిపిస్తోంది. నాన్న చూసి "మీ మావయ్య వదిలేలా లేడు" అని నవ్వుతున్నారు.

సాలూరు_లారీ

పాత లారీ డోరు మీద ఓనరు పేరు తుడిచేసినా ఇలాగే చదవొచ్చు. ఎండ పని అది.

రాజాం_కెమిస్ట్రీ

ఎండలోని అల్ట్రావయొలెట్‌కు ఎరుపు రంగులు తొందరగా వెలుస్తాయి, పైగా మీకు క్లియర్ రక్షణ లేదు. బొమ్మ కింద భాగం ఇన్నేళ్లూ నీడలో ఉంది. అంటే పాడైంది నెమలి ఉన్న చోటు కాదు, లేని చోటు. చుట్టూ వెలిసి, సుద్దలా మారిన పై పొర కొంత తీస్తే కింద తాజా ఎరుపు ఉంటుంది. రెండూ దగ్గరవుతాయి. పూర్తిగా కలుస్తాయని మాత్రం చెప్పలేను.

లప్పం_మాస్టారు

అదే. చాలామంది నీడ పోవాలని నీడ మీదే రుద్దుతారు. నువ్వు చుట్టూ రుద్దు. కంపౌండ్, మెత్తటి గుడ్డ, చేత్తోనే. బఫింగ్ మెషిన్ వద్దు, క్లియర్ లేని రంగు మీద మెషిన్ ఒక్క క్షణం ఎక్కువ నిలబడితే ప్రైమర్ కనబడుతుంది. ట్యాంకు మడతలు, అంచులు, కింద అతుకు వెంబడి ముందే మాస్కింగ్ టేపు వేసెయ్. అంచుల్లో రంగు ఎప్పుడూ పల్చనే, ముందు పోయేది అక్కడే.

కుడివైపు గీతలకు 2000 నంబరు వాటర్ పేపర్, తర్వాత ఇంకా నున్నటి 3000. పేపరు సబ్బు నీళ్లలో ముందే నానబెట్టుకో. వేలితో నొక్కి రుద్దితే వేలి ఆకారంలో గుంటలు పడతాయి, రబ్బరు ముక్క వెనక పెట్టుకో. నాలుగు తోపులు తోసి, తుడిచి, ఏటవాలు వెలుతురులో చూడు. గీతలన్నీ పోవాలని పట్టుబట్టకు. లోతు గీతలు పోయేదాకా రుద్దితే రంగే పోతుంది. కింది ప్రైమర్ బూడిదరంగు లేశమాత్రం కనబడినా అక్కడితో ఆపెయ్.

దగ్గరలో ఎవరి దగ్గరైనా రంగు మందం చూసే మీటరు దొరికితే తెచ్చుకో, విశాఖలో కార్ల డిటైలింగ్ చేసేవాళ్ల దగ్గర ఉంటుంది. ఇనుము మీద పెట్టగానే మైక్రాన్లలో చూపిస్తుంది. సీటు కింద ముట్టుకోని చోట ఎంతుందో చూసి, కుడివైపు దాంతో పోల్చు. బండి పడిందన్నావు కదా, ఎక్కడైనా అంకె ఒక్కసారిగా మూడు నాలుగు రెట్లు చూపిస్తే అక్కడ లప్పం ఉన్నట్టు. లప్పం ఉన్న చోట ఒరిజినల్ రంగు వెతకడం వృథా.

నాగావళి_గట్టు

బ్రేక్ ఆయిల్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ చర్చ చదివాక మా తమ్ముడి డియో స్కూటర్ ప్యానెల్ మీద కూడా ఏమీ రాయకుండా ఆగాను.

అరసవల్లి_ఆర్‌ఎక్స్

విశాఖ వెళ్లిన పని మీద ట్యాంకు కూడా కారులో వేసుకెళ్లాను. సీటు కింద మీటరు దాదాపు 90 చూపించింది. కుడివైపు నెమలి ఉన్న చోట చాలా వరకు 70 నుంచి 80. ఒక్క చోట, ట్యాంకు ముందు భాగంలో అరచేతిలో సగమంత మేర, 400 దాటింది. అదే పడ్డ చోటు. పైన ఎరుపు కలిపేశారు కాబట్టి కంటికి తెలియలేదు.

ఆ చోటు వదిలేసి మిగతా అంతా మాస్టారు చెప్పినట్టే చేశాను. కుడివైపు మెరుపు వచ్చింది. సాయంత్రం ఏటవాలు ఎండలో చూస్తే లోతు గీతలు కొన్ని కనబడతాయి, మామూలుగా కనబడవు. ఎడమవైపు నీడ బాగా తగ్గింది. తెలిసినవాళ్లు వెతికితే తోక కనిపెడతారు. నాకు ఇది చాలు. ప్యానెళ్ల మీద తామరపూలు సబ్బు నీళ్లకే పోయాయి, ఒకదానికి మాత్రం శానిటైజర్ వాడాల్సి వచ్చింది.

మావయ్యకు ఫోటో పంపాను. "ఆ లప్పం సంగతి నాకు ముందే తెలుసు, మీ నాన్నకు చెప్పొద్దన్నాడు ఆ పడేసినోడు" అని రిప్లై పెట్టారు. పడేసింది ఎవరో ఇప్పుడు ఇంట్లో విచారణ జరుగుతోంది.

పలాస_టూస్ట్రోక్

ఫోటోలు చూశాను. చాలా బాగుంది. ఆ లప్పం చోటు అలాగే ఉంచండి, అదీ బండి చరిత్రే. చారల స్టిక్కర్ కొత్త సెట్లు దొరుకుతాయి గానీ మందం, ఎరుపు ఛాయ తేడాగా ఉంటాయి. ముప్పాతిక ఒరిజినల్ ఉంది కాబట్టి మార్చొద్దని నా సలహా.

సాలూరు_లారీ

పాత నెమలి ఫోటోలు రెండు వైపులవీ నాకు పంపండి అన్నా. ఇక్కడ ఇంకా కుంచె పట్టే పెద్దాయన ఒకరున్నారు, అది ఎవరి చెయ్యో ఆయన చూస్తే చెప్పేస్తారు.

అరసవల్లి_ఆర్‌ఎక్స్

తప్పకుండా పంపుతాను. మాస్టారూ, చివరిగా ఒకటి. ఇప్పుడు పైన ఏం రాయాలి? షాపువాడు డ్యాష్‌బోర్డుకు వాడే సిలికాన్ స్ప్రే ఇచ్చాడు, తళతళలాడుతుందట. క్లియర్ కోట్ కొట్టించేద్దామా అని కూడా అనిపిస్తోంది.

లప్పం_మాస్టారు

క్లియర్ కొట్టాలంటే పట్టు కోసం మళ్లీ మొత్తం పేపర్ పట్టాలి. ఇంత కష్టపడి దక్కించుకున్నదాన్ని మళ్లీ రుద్దుతావా? వద్దు. మామూలు కార్ వ్యాక్స్ పల్చగా రాయి, ఆరాక తుడిచెయ్, రెండు మూడు నెలలకోసారి చాలు. బండి ఎండలో పెట్టకు, మీకు కళింగపట్నం వైపు నుంచి ఉప్పు గాలి కూడా ఉంటుంది, ట్యాంకు కింద అతుకు తుడుస్తూ ఉండు.

సిలికాన్ స్ప్రే మాత్రం తిరిగి ఇచ్చెయ్. రేపెప్పుడైనా ఆ లప్పం చోట టచప్ చేయించాల్సి వస్తే, సిలికాన్ తగిలిన చోట కొత్త రంగు నిలవదు, చేప కళ్లలా గుంటలు గుంటలుగా విడిపోతుంది. అప్పుడు పెయింటర్ నిన్ను తిడతాడు. ఆ పెయింటర్ నేనే అయ్యే అవకాశం కూడా ఉంది.